బడి వాకిట్లో ఇంటి మాట

మూడేళ్ల పిల్ల ఇల్లు దాటి వేసే మొదటి అడుగు అంగన్‌వాడీలోకే. ఆ గడప అవతల తన భాష, తన పాట, తన పండుగ కనబడకపోతే ఆ పిల్ల ఏమవుతుంది? ఇంటినీ బడినీ కలపడానికి తండాల నుంచి మార్లవాయి దాకా, పర్లాకిమిడి నుంచి న్యూజిలాండ్ దాకా జరిగిన ప్రయత్నాల మీద ఈ వారం ముఖచిత్ర కథనం.

"యాడీ... యాడీ..." అని ఏడుస్తోంది ఆ పిల్ల. మూడేళ్లు నిండి రెండు నెలలైనా కాలేదట.

దేవరకొండ వైపు ఒక తండాలోని అంగన్‌వాడీ గది అది. టీచరు పోస్టు ఖాళీగా ఉండటంతో పక్కూరి టీచరమ్మ ఇన్‌చార్జిగా వచ్చిపోతున్నారు. ఆమెకు అది మూడో రోజు. "యాడికి పోతవ్ బిడ్డా, ఈడనే ఉండు, గుడ్డు పెడ్త" అని బుజ్జగిస్తున్నారు. ఆమె ఊళ్లో 'యాడ' అంటే ఎక్కడ అని. పిల్ల ఎక్కడికో పోతానంటోందని ఆమె అనుకున్నారు, పక్కనే కూర్చున్న నేనూ అదే అనుకున్నాను. తలుపు తీసి వాకిలి చూపిస్తే పిల్ల ఏడుపు రెట్టింపైంది. మనవణ్ని దింపడానికి వచ్చిన ఒక ముసలామె గడప దగ్గర ఆగి, "అమ్మ గావాల్నంటుంది మేడం. మా భాషల యాడి అంటే అమ్మ" అంది. పిల్లను చంకనెత్తుకుని లంబాడీలో నాలుగు మాటలు చెప్పింది. ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. టీచరమ్మ పెన్ను తీసి హాజరు రిజిస్టరు వెనక అట్ట మీద రాసుకున్నారు: యాడి – అమ్మ.

ఆ గది గోడ మీద రంగురంగుల చార్టు ఉంది. 'అ' పక్కన అమ్మ బొమ్మ. తెలుగు పిల్లకు ఆ చార్టులో మొదటి అక్షరమే సొంత మనిషి. ఈ పిల్లకు మాత్రం ఆ బొమ్మ పేరు కూడా కొత్తగా నేర్చుకోవాల్సిన పాఠం. ఇంట్లో పుట్టినప్పటి నుంచి పోగేసుకున్న మాటలన్నీ, తిండి పేర్లు, మనుషుల పేర్లు, నొప్పి చెప్పుకునే మాట, గడప దాటిన మరుక్షణం చెల్లకుండా పోయాయి. మూడేళ్ల ప్రాణానికి అది ఎంత పెద్ద నష్టమో పెద్దవాళ్లం ఊహించలేం. పిల్ల మూగదని, మొద్దని, మొండిదని అనేస్తాం.

టీచరమ్మ తప్పు ఇందులో నాకు కనబడలేదు. ఆమెకు ఆ భాష ఎవరూ నేర్పలేదు. అది తెలిసిన మనుషులు గడప అవతలే నిలబడి పిల్లల్ని దింపి వెళ్లిపోతున్నారు. వాళ్లను లోపలికి రమ్మని ఎవరూ అడగలేదు. ఈ కథనమంతా ఆ గడప గురించే.

వాకిలే బడి అయిన రోజులు

అంగన్‌వాడీ అన్న మాట రోజూ వింటాం గానీ దాని అర్థం మీద మనసు పెట్టం. అంగన్ అంటే వాకిలి. ఇంటి ముందరి ఖాళీ స్థలం.

ఆ మాట వెనక ఒక బోధకురాలి అనుభవం ఉంది. తారాబాయి మోదక్ గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకాతో కలిసి బాలల బడి నడిపిన మనిషి. 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డి అనే ఊరికి వచ్చి, అనుతాయి వాఘ్‌తో కలిసి పల్లె పిల్లల కోసం బాలవాడి పెట్టారు. పేదవాడల పిల్లలు అక్కడికి రాలేదు. పిల్లలు రావడం లేదని ఊరుకోకుండా ఆవిడ బడినే వాళ్ల వాకిళ్లలోకి తీసుకెళ్లారు. అమ్మలు పనిచేసుకుంటూ చూస్తుండగానే ఆటలు, పాటలు, స్నానాలు, కథలు. తర్వాత దగ్గర్లోని కోస్బాడ్ కొండ మీద వార్లీ ఆదివాసుల మధ్య ఆ పని సాగింది. గింజలు, ఆకులు, గవ్వలు, గులకరాళ్లు అక్కడ బోధన సామగ్రి. పశువుల వెంట పోయే పిల్లల కోసం పచ్చిక బయలులోనే బడి పెట్టారు.

1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైనప్పుడు కేంద్రాలకు అంగన్‌వాడీ అన్న పేరే ఖాయమైంది. పేరు నిలిచింది. తూకం యంత్రం, గుడ్లు, పాలు, బాలామృతం, టీకాలు అన్నీ వచ్చాయి. అవి ఎంతమంది పిల్లల ప్రాణాలు నిలబెట్టాయో తక్కువ చేసి చెప్పలేం. కానీ వాకిలి మాత్రం వెనక్కి పోయింది. ఇంటి దగ్గరికి వెళ్లిన బడి మెల్లగా ఒక గదిలోకి చేరి తలుపేసుకుంది.

ఇప్పటికీ కేంద్రాల్లో సీమంతాలు చేస్తారు, అన్నప్రాసనలు చేస్తారు, పలకకు పసుపు రాసి అక్షరాభ్యాసం చేస్తారు. కుటుంబాలను పిలవడానికి మంచి దారే అది. లంబాడీ తండాలో హోలీ నాడు బిడ్డకు చేసే ధూండ్ వేడుక ఆ కేంద్రం క్యాలెండరులో ఉందా అని అడిగి చూడండి. ఉట్నూరు వైపు గోండు గూడేల్లో దీపావళి ముందు దండారీ వేడుక మొదలైతే పిల్లలు గుస్సాడీ నాట్యకారుల వెంట తిరుగుతారు. రిజిస్టరులో ఆ రోజుల్లో వాళ్లకు పడేది గైర్హాజరే. మన ఇళ్లలో జరిగేవి వేడుకలుగా, వాళ్ల ఇళ్లలో జరిగేవి సెలవులుగా లెక్కకొస్తున్నాయి. ఇది ఎవరూ కావాలని చేసింది కాకపోవచ్చు. మూడేళ్ల పిల్లకు అందే సందేశం మాత్రం ఒకటే: మీ ఇంట్లోది ఇక్కడ పనికిరాదు.

తీజ్ బుట్టలో ఉన్న పాఠం

అదే తండాకు శ్రావణంలో మళ్లీ వెళ్లాను. తీజ్ రోజులు. పెళ్లికాని ఆడపిల్లలు చిన్న వెదురు బుట్టల్లో మన్ను నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. మొలకలు ఎంత పచ్చగా, ఎంత ఒత్తుగా వస్తే తండాకు అంత మంచిదని నమ్మకం. చివరి రోజు చెరువులో కలుపుతారు.

పూర్వ ప్రాథమిక విద్య పుస్తకాల్లో ఒక పని ఉంటుంది: గ్లాసులో మట్టి పోసి గింజ నాటి, రోజూ నీళ్లు పోసి, మొలక ఎదగడం పిల్లలకు చూపించమని. తండాలో ఆ పాఠం తరతరాలుగా పాటతో సహా నడుస్తోంది. గింజ ఎన్నో రోజున పగులుతుందో, నీళ్లు ఎక్కువైతే ఏమవుతుందో, ఎండ తగలని బుట్టలో మొలక ఎందుకు పాలిపోతుందో అక్కడి పదేళ్ల పిల్ల కూడా చెబుతుంది. కేంద్రం కిటికీలో మాత్రం ప్లాస్టిక్ గ్లాసులో ఒక చిక్కుడు గింజ ఒంటరిగా కూర్చుంది.

ఇళ్లలోని ఇలాంటి పాఠాల కోసమే 1990ల మొదట్లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టూసాన్ పట్టణంలో లూయిస్ మోల్, నార్మా గొంజాలెజ్ తదితర పరిశోధకులు కొందరు బడి టీచర్లను వెంటబెట్టుకుని ఒక పని చేశారు. అక్కడి బడుల్లో మెక్సికో మూలాలున్న కార్మిక కుటుంబాల పిల్లలు ఎక్కువ. ఆ ఇళ్లలో చదువు వాతావరణం లేదని అందరి మాట. టీచర్లు ఆ ఇళ్లకు వెళ్లారు. పిల్ల బాగా చదవట్లేదని చెప్పడానికి వెళ్లలేదు, ఆ ఇంట్లో ఏమేం తెలుసో నేర్చుకోవడానికి వెళ్లారు. వ్యవసాయం, గనుల పని, వడ్రంగం, మూలికా వైద్యం, సరిహద్దు దాటి సాగే చిన్న వ్యాపారాలు, ఇలా ఒక్కో ఇల్లు ఒక్కో భోషాణంలా తెరుచుకుంది. ఒక పిల్లవాడు మెక్సికో మిఠాయి అమ్ముతున్నాడని తెలిసి ఒక టీచరు మిఠాయి మీదే పాఠం అల్లుకున్నారు. తయారీ చూపించడానికి ఒక పిల్లవాడి తల్లి తరగతికి వచ్చింది. ఇళ్లలో ఉన్న ఆ తెలివికి పరిశోధకులు జ్ఞాన నిధులు అని పేరు పెట్టారు.

నన్ను ఇందులో పట్టుకున్నది ఒక్క విషయం. టీచరు ఇంటికి వెళ్లింది విద్యార్థిగా. మన దగ్గర కూడా టీచరమ్మలు ఇంటింటికీ తిరుగుతారు. సర్వేకు, బరువులకు, టీకాలకు, గర్భిణుల నమోదుకు తిరుగుతారు. వాళ్ల చేతిలోని ఫారాల్లో లేని ప్రశ్న ఒకటే: అమ్మా, మీకు ఏమొచ్చు?

తండా నాయనమ్మ లంగా మీద అద్దాలు కుడుతుంది. ఒక అద్దం, రెండు గవ్వలు, ఒక అద్దం, రెండు గవ్వలు. వరస తప్పితే విప్పి మళ్లీ కుడుతుంది. నమూనాను గుర్తుపట్టడం, తర్వాత ఏం వస్తుందో చెప్పడం నాలుగేళ్ల పిల్లలకు గణితంలో తొలి మెట్టు. దానికోసం కేంద్రాలకు రంగు పూసల డబ్బాలు పంపుతారు, మంచిదే. ఆ డబ్బా పక్కన ఆ నాయనమ్మను కూర్చోబెడితే పాఠానికి ప్రాణం వస్తుంది. పాలమూరు, నల్లగొండ తండాల నుంచి అమ్మానాన్నలు కూలికి పట్నం పోతే పిల్లల దగ్గర మిగిలేది ఆ నాయనమ్మే. తల్లిదండ్రుల సమావేశం అని కాగితం మీద రాసినా వచ్చి వేలిముద్ర వేసేది ఆమే. ఆ వేలితోనే కుట్టు నేర్పమని అడగొచ్చు గదా.

పర్లాకిమిడి పంతులు, మార్లవాయి దొర

ఇంటిని బడిలోకి తేవడం మనకు కొత్త ఆలోచన అనుకుంటే పెద్దల్ని మరిచిపోయినట్టే. గిడుగు వెంకట రామమూర్తి గారిని వ్యావహారిక భాషోద్యమానికి గుర్తు పెట్టుకున్నాం, ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. దానికన్నా ముందు ఆయన సవరలనే ఆదివాసుల పంతులు. పర్లాకిమిడిలో పనిచేస్తూ కొండల నుంచి దిగివచ్చే సవరలను చూసి, వాళ్ల భాష నేర్చుకోవాలనుకున్నారు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవర భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే నాకొద్దు, దానితో సవరలకు బడి పెట్టమన్నారని చెబుతారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది.

ఆ క్రమం చూడండి. ముందు ఇంట్లోకి ఒక సవర మనిషి వచ్చాడు. తర్వాతే పుస్తకం వచ్చింది, బడి వచ్చింది.

సవర విషయంలో ఇది మరీ ముఖ్యం. గోండి, కోయ, కొలామీ, కొండ, కువి భాషలు తెలుగుకు చుట్టాలు. గోండిలో నీళ్లను ఏర్ అంటారు, మన చెవికి ఏరు గుర్తొస్తుంది, పిల్లకూ టీచరుకూ ఎక్కడో ఒక తీగ తగులుతుంది. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగుతో నెత్తుటి చుట్టరికం లేదు. సీతంపేట కొండల్లో మూడేళ్ల సవర పిల్లకు తెలుగు అంటే సముద్రం అవతలి భాష ఎంతో అంత.

ఆదిలాబాద్ వైపు కథ వేరే. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కుమురం భీం నేలకొరిగాక, గోండుల స్థితిగతులు అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం పిలిపించిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు. 1943లో అక్కడ గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. బయటి టీచర్లను పంపే బదులు, కాస్తో కూస్తో అక్షరం వచ్చిన గోండు యువకులనే టీచర్లను చేశారు. ఇంటి మనిషే పంతులైతే బడికీ ఇంటికీ మధ్య గోడ కట్టడం కష్టం. బెట్టీ చనిపోయాక ఆవిడను మార్లవాయిలోనే ఖననం చేశారు, ఆ ఊరు ఇప్పటికీ ఆ సమాధిని తన మనిషిదిగానే చూసుకుంటుంది. 2021లో పద్మశ్రీ అందుకున్న గుస్సాడీ గురువు కనకరాజుది కూడా అదే మార్లవాయి.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా ఆధారిత బహుభాషా విద్యను ప్రారంభించింది. గోండి, కోయ, కొలామీ, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒరియా. తెలుగు లిపిలో వాచకాలు, ఆ తెగల నుంచే టీచర్లు. దేశంలో అలాంటి ప్రయత్నాల్లో ముందు వరసలో నిలిచింది మన రాష్ట్రమే, ఆ తర్వాత ఒడిశా అందుకుంది. అయితే అది ఒకటో తరగతి దగ్గర మొదలైంది. పిల్ల గడప దాటేది అంతకు మూడేళ్ల ముందు. జాతీయ విద్యా విధానం 2020లో మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూడమంది. ఆ లెక్కన ఇంటి భాష మాట్లాడే మనిషి మొదట ఉండాల్సింది అంగన్‌వాడీలో.

"మాకు ఇంగ్లీషే గావాలె"

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. తండాల్లో, గూడేల్లో చాలామంది తల్లిదండ్రులు ఈ మాటలన్నీ విని తల అడ్డంగా ఊపుతారు. "మా భాష ఇంట్లనే నేర్సుకుంటరు గదా సారూ. బడికి తోలేది ఇంగ్లీషు కోసం" అంటారు. రోడ్డు మీది కాన్వెంటు ఆటోలో మూడేళ్ల పిల్లలు కుక్కుకుని వెళ్తుంటే అంగన్‌వాడీలో పదిమంది కూడా మిగలరు.

ఆ తండ్రి మాటను తోసిపుచ్చే హక్కు ఎవరికీ లేదు. ఆఫీసులో, ఆసుపత్రిలో, పోలీస్ స్టేషన్లో తన భాష వల్ల చిన్నబోయిన మనిషి తన బిడ్డ అలా కాకూడదనుకుంటున్నాడు. అతనికి ఉపన్యాసం ఇవ్వడం కుటుంబాన్ని కలుపుకోవడం కాదు. కూర్చుని మాట్లాడాలి. చెప్పగలిగిన గట్టి సంగతులు ఉన్నాయి. మనస్తత్వ శాస్త్రవేత్త అజిత్ మొహంతి ఒడిశాలోని కోంధ్ పిల్లల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఒడియా ఒక్కటే వచ్చిన కోంధ్ పిల్లలకన్నా తమ ఇంటి భాష కుయి, ఒడియా రెండూ వచ్చినవాళ్లు తెలివికి సంబంధించిన పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారని గమనించారు. ఇంటి భాష కొత్త భాష చోటు ఆక్రమించదు. పిల్లకు 'బరువు', 'తేలిక', 'ముందు', 'వెనక' అన్న ఊహలు ఇంటి భాషలో కుదిరి ఉంటే, తెలుగులోనో ఇంగ్లీషులోనో వాటికి పేరు మాత్రం నేర్చుకుంటే చాలు. ఊహే లేకుండా పేరు నేర్పితే ఆ పిల్ల రైము అప్పజెబుతుంది, ఒకటో తరగతిలో ఆగిపోతుంది. ఇలా చెబితే తల్లులు వింటారు. వాళ్లు ఆ సంగతి చూసినవాళ్లే.

డాలస్‌లో మనం అడిగేది

తెలుగువాళ్లకు ఇది ఎంత దగ్గరి విషయమో అర్థం కావాలంటే సముద్రం దాటి చూడాలి. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో మూడేళ్లు ఇంట్లో తెలుగే విన్న పిల్లవాణ్ని ప్రీస్కూల్లో దింపి, కారులో కూర్చుని కళ్లు తుడుచుకున్న తల్లులు మన చుట్టాల్లోనే ఉన్నారు. మా బంధువుల అమ్మాయి ఒకామె చెప్పింది. కొడుకు చేరిన మొదటి వారం టీచరు ఒక కార్డు ఇచ్చి, మీ భాషలో నీళ్లు, ఆకలి, నొప్పి, బాత్‌రూమ్, అమ్మ వస్తుంది అన్న మాటలు ఎలా పలకాలో రాసివ్వమందట. "మా వాడికోసం ఆ తెల్లావిడ 'అమ్మ వస్తుంది' అని నేర్చుకుంది పిన్నీ. ఆ రోజు ఆవిడ కాళ్లకు దండం పెట్టాలనిపించింది" అంది.

అమెరికాలో పేద కుటుంబాల పిల్లల కోసం 1965లో మొదలైన హెడ్‌స్టార్ట్ కార్యక్రమంలో విధానాలు నిర్ణయించే మండలిలో సగానికి పైగా తల్లిదండ్రులే ఉండాలన్న నియమం ఉంది. అది అన్నిచోట్లా గొప్పగా నడుస్తోందని చెప్పను. అయినా అడిగే చోటు ఒకటుంది. మన పిల్లవాడికి డాలస్‌లో దక్కాలని మనం కోరుకునేది, లంబాడీ పిల్లకు దేవరకొండలో దక్కాలని ఎందుకు కోరుకోం?

న్యూజిలాండ్‌లో మావోరీలు మరో మెట్టు ఎక్కారు. తమ భాష కళ్లముందే కనుమరుగవుతుంటే 1982లో వెల్లింగ్టన్ దగ్గర మొదటి కోహాంగా రేయో తెరిచారు. భాషా గూడు అని దాని అర్థం. అమ్మమ్మలు, తాతలు వచ్చి పసిపిల్లలతో రోజంతా మావోరీలోనే మాట్లాడారు. నడిపింది కుటుంబాలే. పదేళ్లు తిరిగేసరికి అలాంటి గూళ్లు వందలయ్యాయి. 1996లో ఆ దేశం తెచ్చిన బాల్యవిద్యా ప్రణాళిక పేరు తె ఫారికి, అంటే అల్లిన చాప. మావోరీలతో కలిసి రాసిన ఆ ప్రణాళికలో కుటుంబమూ సమాజమూ ఒక మూల సూత్రం.

మన దగ్గర అమ్మమ్మలకు కొదవ లేదు. చేసి చూపిన ఉదాహరణ కూడా ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఏటా ఒడిశాలోని బలంగీర్, నువాపడ జిల్లాల నుంచి వచ్చే కుటుంబాల పిల్లల కోసం, రాచకొండ పోలీసు కమిషనరేట్ పరిధిలో బట్టీల దగ్గరే ఒడియాలో పాఠాలు చెప్పే బడులు నడిచాయి. పోలీసులు చేయగలిగారంటే మనసు పెడితే దారి దొరుకుతుందనే.

అంగన్‌వాడీ టీచరు మీద ఇప్పటికే మోయలేనంత భారం ఉంది, మరో రిజిస్టరు, మరో యాప్ పెడితే ఆమె కుంగిపోతుంది. ఆమెకు కావలసింది తోడు. వారానికి రెండు పూటలు వచ్చి కథ చెప్పే నాయనమ్మకు కాస్త గౌరవ భత్యం, పిల్ల చేరిన రోజు ఇంట్లోవాళ్లను అడిగి రాసుకునే పాతిక మాటల కాగితం, స్థానిక పండుగలతో తయారైన క్యాలెండరు. ఇవి పెద్ద బడ్జెట్ పద్దులు కావు. పోస్టులు ఖాళీగా ఉంచకపోవడం, నింపేటప్పుడు ఆ భాష వచ్చిన ఆడపిల్లలకు మొదటి చోటు ఇవ్వడం మాత్రం ప్రభుత్వం చేయాల్సిన పని, దానికి బదులు మరొకటి లేదు.

తీజ్ ముగిసిన మర్నాడు ఆ తండా నుంచి బయల్దేరే ముందు కేంద్రం దగ్గర ఆగాను. రిజిస్టరు వెనక అట్ట నిండిపోయి టీచరమ్మ ఒక నోటుబుక్కు కొనుక్కున్నారు. ఎడమ వైపు లంబాడీ, కుడి వైపు తెలుగు. యాడి తర్వాత పాణి, ఆ తర్వాత బాటి, ఇంకా కిందికి. గడప దగ్గర నిలబడే ఆ ముసలామె ఇప్పుడు లోపల చాప మీద కూర్చుని ఉంది. పొట్టలో నొప్పి అని పిల్లలు ఎలా చెబుతారని టీచరమ్మ అడిగారు. ఆమె చెప్పింది. టీచరమ్మ పలికారు. పిల్లలు నవ్వారు. "గట్ల గాదు మేడం, మల్లనుండ్రి" అంది ముసలామె, పొట్ట మీద చేయి పెట్టుకుని, నోరు తెరిచి చూపిస్తూ. మూడోసారికి ఆమె తల ఊపాక టీచరమ్మ పెన్ను మూత తీశారు. యాడీ అని ఏడ్చిన పిల్ల ఆ ముసలామె ఒళ్లోకి ఒరిగి, గుడ్డు తింటూ, పెన్ను వైపే చూస్తోంది.